బొమ్మ ప్రాణి నేర్పిన పాఠం

ఉపాధ్యాయ వృత్తిలో కొంతకాలం గడిపినవారి నోట తరచుగా వినవచ్చే మాట ఒకటి ఉన్నది. "ఎంత చెప్పినా వీడికి రాదు" అన్నదే ఆ మాట. మధ్యాహ్నపు విరామంలో అధ్యాపకుల గదిలో టీ త్రాగుతూ మేము కూడా ఆ మాటను పలుమార్లు అన్నాము. అనేటప్పుడు మాకు సంకోచమేదీ కలుగలేదు. చెప్పటం మా వంతు, రాకపోవటం వాడి వంతు అని బాధ్యతను పంచిపెట్టి, అందులో పెద్ద పాలు విద్యార్థికే ఇచ్చి, గంట కొట్టగానే నిశ్చింతగా తరగతికి వెళ్లేవారము. ఆ నిశ్చింతను చెడగొట్టినది కంప్యూటర్ తెర మీద తిరుగాడే ఒక బొమ్మ ప్రాణి అంటే మా సహాధ్యాపకులు నవ్వవచ్చును. అయినా ఆ వృత్తాంతాన్ని విద్యార్థులకూ, కళాశాల పాలక సంఘ పెద్దలకూ విన్నవించుకోవాలని చాలాకాలంగా మా కోరిక.

అవి 2020 మార్చి చివరి రోజులు. కరోనా వ్యాధి కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ విధించారు. కళాశాల మూతబడింది. అంతకు కొద్దిరోజుల ముందు మా ఇంటికి వచ్చిన మా అక్క కుమారుడు తిరిగిపోయే దారి లేక మా వద్దనే నిలిచిపోయాడు. ఇంటర్మీడియట్ చదివే ఆ బాలునికి కంప్యూటర్ ఆటలంటే మహా ఇష్టం. ఒకనాటి సాయంకాలం వాడి భుజం మీదుగా చూస్తే, తెర మీద తోటలో పెద్దపెద్ద కళ్లు, ఒంటినిండా బొచ్చు గల చిన్న ప్రాణి ఒకటి రెండు కాళ్ల మీద నడుస్తూ కనిపించింది. దాని పేరు షేరూ అని, దానిని తాను గ్రుడ్డు నుండి పొదిగించానని వాడు గర్వంగా చెప్పాడు.

"దీనితో ఏమి యుద్ధం చేస్తావురా?" అని అడిగాము.

"యుద్ధం లేదు మామూ. పెంచడమే. మాటలు నేర్పాలి, మంచీ చెడూ నేర్పాలి. ఇది నిజంగా నేర్చుకుంటుంది" అన్నాడు.

మొదట నమ్మలేదు. ఇటువంటి బొమ్మలను గురించి మాకు తెలిసినది టమగోచి ఒక్కటే. జపాన్‌లో 1996లో పుట్టి, లోకమంతా పాకిన ఆ గ్రుడ్డు ఆకారపు బొమ్మ ఆకలి అంటుంది, మీట నొక్కితే తింటుంది, పట్టించుకోకపోతే చనిపోతుంది. దానిలో నేర్చుకోవటమనేది లేదు, కొన్ని లెక్కలు పెరగటం, తరగటం మాత్రమే ఉన్నది. మా మేనల్లుడి ప్రాణి ఆ జాతిది కాదని క్రమంగా తెలిసింది.

ఆ ఆట పేరు క్రియేచర్స్. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో ఉన్న మిలీనియం ఇంటరాక్టివ్ అనే సంస్థలో స్టీవ్ గ్రాండ్ దానిని రూపొందించాడు. అదీ 1996లోనే వెలువడింది. అప్పటికి కృత్రిమ జీవం అనే శాస్త్రశాఖ వయస్సు పదేళ్లు కూడా లేదు. ఆ పేరుతో తొలి సదస్సు 1987లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో క్రిస్టఫర్ లాంగ్టన్ ఆధ్వర్యంలో జరిగింది. ప్రాణి ఎప్పుడు ఏమి చేయాలో ముందుగా వ్రాసిపెట్టకుండా, దాని మెదడును, రక్తంలోని రసాయనాలను, జన్యువులను చిన్నచిన్న భాగాలుగా నిర్మించి, నడవడి వాటి నుండి తానే పుట్టేటట్లు చేయాలన్నది ఆ శాస్త్రపు ఆశయం. షేరూ వంటి ప్రాణులకు ఆ ఆటలో నార్న్ అని పేరు. ఒక్కొక్క నార్న్ మెదడులో సుమారు 1000 నాడీకణాలు, వాటి మధ్య సుమారు 5000 సంబంధాలు ఉంటాయి. ఆ కణాలు 9 ఖండాలుగా అమరి ఉంటాయని గ్రాండ్, డేవ్ క్లిఫ్, అనిల్ మల్హోత్రా కలిసి 1997లో వెలువరించిన పరిశోధన పత్రం వివరిస్తున్నది. తల్లిదండ్రుల జన్యువులు కలిసి పిల్లకు సంక్రమిస్తాయి. అప్పుడప్పుడు వాటిలో మార్పులు కూడా జరుగుతాయి.

ఆడేవానికి తెర మీద ఒక చేయి ఉంటుంది. ఆ చేతితో నార్న్‌ను నిమరవచ్చును, దెబ్బ కూడా వేయవచ్చును. నిమిరితే దాని శరీరంలో సంతోషపు రసాయనం, కొడితే దండనపు రసాయనం పుడతాయి. ఆ క్షణంలో నార్న్ దేని మీద దృష్టి నిలిపి ఏ పని చేస్తున్నదో, ఆ పనికి సంబంధించిన నాడీబంధం సంతోషం వలన బలపడుతుంది, దండన వలన బలహీనపడుతుంది. వస్తువును చూపి మాట టైపు చేస్తే దాని పేరు నేర్చుకుంటుంది. మా మేనల్లుడు కారెట్ దుంపను చూపి ఇంగ్లీషు అక్షరాలలో 'తిండి' అని కొట్టగా, కొన్ని ప్రయత్నాల తరువాత షేరూ ఆ మాట పలికింది. తెలుగు అధ్యాపకులమైన మాకు అప్పుడు కలిగిన ఆనందాన్ని దాచుకోలేము.

మూడవ నాడు చిక్కు వచ్చింది. షేరూ కారెట్ ఎదుట నిలుచున్నది. ఆకలి కొలత చూపే గీత పైకి ప్రాకుతున్నది. అయినా అది తినదు. దుంపను చూస్తుంది, మొగం త్రిప్పుకుంటుంది, నాలుగడుగులు నడిచి మళ్లీ వస్తుంది. మా వాడు కలవరపడి, "గేమ్‌లో ఏదో బగ్ ఉంది మామూ, దీనికి బుద్ధి పాడైపోయింది" అన్నాడు.

వ్యాకరణ దోషానికి కారణం వెదికే అలవాటు చొప్పున, "ముందు నువ్వేమి చేశావో వరుసగా చెప్పు" అన్నాము. వాడు చెప్పుకొచ్చాడు. ఆ ఆటలో క్రియాపదాలు నేర్పే యంత్రం ఒకటి ఉన్నది. షేరూ దాని ముందు కుదురుగా నిలిచి చదువుకోవాలని వాడి పట్టుదల. అది మాటిమాటికీ చదువు విడిచి తిండి వైపు పోయేది. పోయి నోట పెట్టుకోగానే వీడు దెబ్బ వేసేవాడు. "చదువు అయ్యాక తిండి" అన్నది వాడి నియమం. అలా ఎన్ని దెబ్బలు వేశాడో వాడికే లెక్క లేదు.

చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. కొంతసేపటికి, "చదువు వదిలిపెట్టినందుకు కొట్టాను మామూ. కానీ దెబ్బ తగిలేటప్పటికి అది తింటూ ఉంది" అన్నాడు.

అంతే సంగతి. యంత్రాన్ని విడిచిపెట్టిన తప్పు ఎప్పుడో గడిచిపోయింది. దెబ్బ తగిలిన క్షణంలో షేరూ చేస్తున్న పని తినటం. తినటమే తప్పని అది నేర్చుకున్నది. దాని మెదడులో ఏ కణమూ చెడలేదు. వేసిన ప్రతి దెబ్బనూ అది శ్రద్ధగా, తు.చ. తప్పకుండా నేర్చుకున్నది.

ఇది బొమ్మలకే పరిమితమైన వింత కాదు. అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1948లో ప్రకటించిన ప్రయోగం ఒకటి ఉన్నది. ఎనిమిది పావురాలకు, అవి ఏమి చేస్తున్నా చేయకున్నా, నియమిత వ్యవధిలో గింజలు అందేటట్లు ఏర్పాటు చేశాడు. వాటిలో ఆరు పావురాలు విచిత్రమైన చేష్టలు అలవరచుకున్నాయి. ఒకటి గుండ్రంగా తిరిగేది. ఒకటి పంజరపు మూలకు తల విసిరేది. గింజ పడిన క్షణంలో యాదృచ్ఛికంగా ఏ పని చేస్తున్నదో ఆ పని వలననే గింజ వచ్చినట్లుగా పావురం ప్రవర్తించసాగింది. ఇచ్చేవాని ఉద్దేశం పుచ్చుకునేవానికి కనిపించదు. వానికి తెలిసేది ఆ క్షణం మాత్రమే.

ఆ రాత్రి మొదలు మేమిద్దరమూ నార్నుల వైకల్యాలను గురించి చదవటం ప్రారంభించాము. లోకంలో వీటిని పెంచేవారు పాతికేళ్లుగా ఓపికగా గమనించి వ్రాసిపెట్టిన సంగతులు ఎన్నో ఉన్నాయి. చదివిన కొద్దీ ఆ దోషాలు మూడు తెగలుగా మాకు తోచాయి.

మొదటి తెగ పుట్టుకలోనే ఉన్న దోషాలు. 1998లో వెలువడిన రెండవ క్రియేచర్స్ ఆటలో నార్నులు పుట్టిన సుమారు గంటకు మందబుద్ధులయ్యేవి, తినటం వంటి అవసరాలను కూడా మరచిపోయేవి. ఆటగాళ్లు దానికి 'ఒక గంట మూఢత్వం' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఎంత నిమిరినా, ఎంత బోధించినా అది పోలేదు. చివరకు ఔత్సాహికులే జన్యువులను సవరించి, కానీ నార్నులు అనే కొత్త జాతిని తయారుచేసిన తరువాత ఆ బాధ తప్పింది. ఇక్కడ తప్పు ప్రాణిది కాదు, పెంచినవానిదీ కాదు. నిర్మాణ ప్రణాళికదే.

రెండవ తెగ లోకంలో ఉన్న దోషాలు. 1999లో వచ్చిన మూడవ ఆటలోనూ, దాని వెంట 2001లో ఉచితంగా విడుదలైన డాకింగ్ స్టేషన్‌లోనూ నార్నులు గోడకు ఎదురుగా నడుస్తూ, ఢీకొంటూ, మళ్లీ నడుస్తూ ఉండటం అందరికీ తెలిసిన దృశ్యం. ఆ ప్రాణులు వాసనను పట్టి దారి వెదుకుతాయి. తిండి వాసన గాని, తోటి నార్నుల వాసన గాని ఎటు గాఢంగా ఉంటే అటు నడుస్తాయి. వాసన సాగిన చోటికల్లా దారి సాగదు. మధ్యలో గోడ ఉండవచ్చును, తలుపు మరొక వైపు ఉండవచ్చును. చూచేవానికి అది పిచ్చిగా కనిపిస్తుంది. లోపల నుండి చూస్తే, తనకు తెలిసిన ఒక్క ఆధారాన్నీ నమ్ముకొని అది గమ్యం వైపే నడుస్తున్నది.

మూడవ తెగ షేరూది, అనగా పెంచినవాని చేతి దోషం.

ఈ మూడింటినీ ఒక కాగితం మీద వ్రాసుకొని చూస్తుండగా మా మనస్సులో ఒక విద్యార్థి మెదిలాడు. ఆ తరువాత మాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ విద్యార్థి 2018లో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరాడు. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు. ఉద్యోగానికి పనికివస్తుందని ద్వితీయ భాషగా తెలుగు తీసుకున్నాడు. అతని వ్రాతలో ఒకే దోషం పదేపదే కనిపించేది. 'పంఖా తిరుగుతున్నాడు' అనీ, 'మా ఇల్లు దూరంగా ఉన్నాడు' అనీ వ్రాసేవాడు. మేము ఎర్రసిరాతో కొట్టివేసేవారము, మార్కులు తగ్గించేవారము, ఒక్కొక్కసారి ఆ వాక్యాన్ని తరగతిలో బిగ్గరగా చదివేవారము. తరగతి నవ్వేది. మొక్కై వంగనిది మానై వంగదు గనుక ఇప్పుడే వంచుతున్నామని మా భావన.

ఒకనాడు అతడు లేచి, "సార్, తెలుగులో అమ్మకూ బల్లకూ ఒకే క్రియ ఎందుకు?" అని అడిగాడు. తరగతి గొల్లుమన్నది. "ముందు ఉన్నది సరిగా వ్రాయి, ప్రశ్నలు తరువాత" అని కూర్చోబెట్టాము. ఆ తరువాత అతడు ప్రశ్న అడుగలేదు. కొన్ని వారాలకు వ్రాయటమే మానుకున్నాడు. పేరు, క్రమసంఖ్య మాత్రమే వ్రాసి తెల్లకాగితం ఇచ్చేవాడు. మేము అధ్యాపకుల గదిలో మా పాత మాటనే అన్నాము. రెండవ సంవత్సరం మధ్యలో అతడు కళాశాల విడిచిపెట్టాడు. ఇంటిలో ఇబ్బందులున్నాయని విన్నాము. అది నిజమే కావచ్చును. కాని ఆ తెల్లకాగితాలకు ఇంటి ఇబ్బందులు కారణం కావు.

ఇప్పుడు ఆలోచిస్తే మూడు తెగల దోషాలూ అక్కడే ఉన్నాయి. ఉర్దూలో ప్రాణం లేని వస్తువుకు కూడా లింగం ఉన్నది. పంఖా పుంలింగం, కితాబ్ స్త్రీలింగం. తెలుగులో ఆ విభజన మహత్తు, అమహత్తు అని వేరే విధంగా సాగింది. ఆ బాలుడు తన మాతృభాష వాసనను పట్టుకొని నమ్మకంగా నడిచి మా వ్యాకరణపు గోడను ఢీకొన్నాడు. తలుపు ఎటు ఉన్నదో మేము చూపలేదు. మా ఇంట ఉర్దూ మాట్లాడినా మా వీథి తెలుగు వీథి కావటం వలన, ఆ తలుపు మాకు పసితనంలోనే తెరచుకున్నది. అందువలన అక్కడ గోడ ఉన్నదనే మాకు తెలియలేదు. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవానికీ, తెలుగు మాధ్యమం నుండి వచ్చినవానికీ మొదటి రోజు నుండి ఒకే పాఠ్యప్రణాళిక పెట్టటం నిర్మాణ దోషం. ఇక మా ఎర్రసిరా మా చేతి దోషం. మేము శిక్షించదలచినది 'తిరుగుతున్నాడు' అన్న ప్రత్యయాన్ని. శిక్ష తగిలిన క్షణంలో అతడు చేస్తున్న పని వ్రాయటం, అడగటం. వ్రాయరాదనీ, అడగరాదనీ అతడు నేర్చుకున్నాడు. మా తరగతిలో అంత శ్రద్ధగా పాఠం నేర్చినవాడు మరొకడు లేడు కాబోలు.

మనిషిని వెయ్యి కణాల బొమ్మతో పోల్చటం తగునా అని పెద్దలు ఆక్షేపించవచ్చును. తగదు. ఆ తేడా మా తప్పును మరింత పెంచుతున్నది. షేరూకు నోరు విప్పి 'ఎందుకు కొట్టావు?' అని అడిగే శక్తి లేదు. ఆ బాలునికి ఉన్నది. అతడు అడిగాడు కూడా. అల్లాహ్ మనిషికి ప్రసాదించిన ఆ మాటను మేమే ఆపివేశాము.

షేరూ సంగతి ముగించాలి. మా మేనల్లుడు దెబ్బ వేయటం మానుకున్నాడు. అది తిండి వైపు చూచినప్పుడల్లా నిమిరేవాడు, దగ్గరకు నడిస్తే మరల నిమిరేవాడు. ఆనాటి సాయంకాలం చాలాసేపటికి అది కారెట్ నోట పెట్టుకున్నది. నార్నుల ఆయుష్షు గంటలలోనే లెక్క. ఒక తప్పుడు పాఠాన్ని మరపించటానికి దాని యౌవనంలో మంచి భాగం ఖర్చయిపోయిందని వాడు నొచ్చుకున్నాడు. అది ముసలిదై చనిపోయిన నాడు ఆ బాలుడు రాత్రి భోజనం సరిగా చేయలేదు.

లాక్‌డౌన్ ముగిసి కళాశాల తెరచిన తరువాత మేము మా పద్ధతిని కొంత మార్చుకున్నాము. మొదటి నెలలో వ్రాతలకు మార్కులు వేయటం లేదు. దోషాన్ని కొట్టివేయకుండా, ప్రక్కన సరియైన రూపం వ్రాసి, ఆ విద్యార్థి ఇంటి భాషలో దానికి సమానమైనది ఏదో అడుగుతున్నాము. దీని వలన అద్భుతాలు జరగలేదు. తెల్లకాగితాలు మాత్రం తగ్గాయి. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చేవారికి తొలి సత్రంలో వారానికి రెండు గంటలు వేరుగా తెలుగు చెప్పే ఏర్పాటు చేయవలసిందిగా పాలక సంఘాన్ని ఈ సందర్భంగా సవినయంగా కోరుతున్నాము. ఇది జన్యువును సవరించే పని. ఒక్క అధ్యాపకుని చేతిలో ఉన్నది కాదు.

2022లో ఒకనాడు మండల కార్యాలయం దగ్గర ఒక జిరాక్స్ దుకాణానికి వెళ్లాము. కంప్యూటర్ ముందు కూర్చొని ఒక ముసలాయన పింఛను దరఖాస్తును తెలుగులో టైపు చేస్తున్న యువకుడు తలెత్తి, "అస్సలాము అలైకుమ్ సార్" అన్నాడు. అతడే. తెర మీది వాక్యాలు చూచాము. ఒక్క దోషమూ లేదు.

"తెలుగు ఇంత బాగా ఎప్పుడు నేర్చుకున్నావు నాయనా?" అన్నాము.

"ఇక్కడే సార్. తప్పు పడితే, వచ్చినవాళ్లు ఇలా కాదు బాబూ, ఇలా అని చెబుతారు. దిద్ది మళ్లీ ప్రింట్ ఇస్తాను" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఉన్న సంగతి చెప్పాడు.

నాలుగేళ్ల క్రితపు ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పాము. "బాలిక వచ్చింది, బస్సు వచ్చింది అని ఏకవచనంలో రెండింటికీ ఒకే క్రియ. బహువచనంలో అట్లా కాదు. బాలికలు వచ్చారు, బస్సులు వచ్చాయి. అక్కడ మన తెలుగు స్త్రీలను పురుషుల వరుసలోనే నిలిపింది. నీ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. వ్యాకర్తలు కూడా ఆలోచించిన విషయం. ఆనాడు చెప్పకపోవటం మాది తప్పు" అన్నాము.

అతడు కొంచెం సేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఒక్కతే ఉన్నప్పుడు అమ్మ బల్లతో ఎందుకు సార్?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేదు. వెదికి చెబుతామని మాట ఇచ్చి, నకలు కాగితాలు తీసుకొని వచ్చాము. విద్యార్థులారా, మీరు కూడా అడగండి. మేము నవ్వితే మరల అడగండి.